గోడకు బిగించిన రాడ్డు

జగ్గయ్యపేటలో మేం కొన్న ఇంటి తాళాలు ఈ రోజు పొద్దున చేతికొచ్చాయి. వెళ్ళి చూస్తే బాత్‌రూమ్‌లో పట్టుకుని లేవడానికి బిగించిన స్టీలు రాడ్డు లేదు. గోడకు నాలుగు కన్నాలు మిగిలాయి. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఇల్లు చూసిన రోజున ఆవిడకు ముందుగా నచ్చింది ఆ రాడ్డే.

ఇల్లు అమ్మిన పద్మగారు ఇప్పుడు నందిగామలో అద్దెకుంటున్నారు. కోపంగానే ఫోన్ చేశాను.

“గోడకు బిగించినవన్నీ మాకేనని అగ్రిమెంటులో రాసుకున్నాం కదండీ” అన్నాను.

“తప్పేనండి, నేనే ఊడదీయించా. మా ఆయనకి పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ చెయ్యి దానికే అలవాటు పడింది. ఇక్కడ కొత్తది పెట్టిస్తే భయపడి పట్టుకోవట్లేదు. మీకు ఇంకోటి కొనిస్తానండి.”

“వద్దులెండి, మేమే కొనుక్కుంటాం” అని పెట్టేశాను.

సాయంత్రం కొత్త రాడ్డు బిగించాక అత్తగారికి జరిగింది చెప్పాను. ఆవిడ దాన్ని పట్టుకుని మెల్లగా లేచి నిలబడి, “మరి ఆయన అక్కడ లేవగలుగుతున్నారా, అమ్మాయ్?” అన్నారు.

ఆ మాట నేను అడగనే లేదు. ఇప్పుడు మళ్ళీ ఫోన్ చేయాలంటే మొహమాటంగా ఉంది. మీరైతే చేస్తారా?