బొమ్మకు మాట రాయండి అన్న యాదగిరి సార్‌కి

నిన్న పొద్దున సికింద్రాబాద్ కార్ఖానా సిగ్నల్ దగ్గర ఆటోలో ఉన్నాను. స్టాఫ్ గ్రూపులో ఒక పోస్టర్ వచ్చింది.

దీపం, తెల్లపూలు, మధ్యలో నల్ల కళ్లద్దాలతో మా యాదగిరి సార్.

ఏదో సన్మానం అనుకున్నాను.

కింద "శ్రద్ధాంజలి" అని ఉంది. చదివాక కూడా ఇంకో యాదగిరి అయ్యుంటారని ఆ ముఖాన్నే మళ్లీ మళ్లీ చూశాను.

మొన్న శనివారం నా టేబుల్ దగ్గరికొచ్చి, ఈసారి ట్రైనింగ్‌లో మీరన్నా ఆఖరుదాకా కూర్చోండి మేడం అని నవ్వి వెళ్లిన మనిషి. నిన్న తెల్లవారుజామున ఇంట్లో టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. గుండె.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. యాదగిరి సార్ సికింద్రాబాద్‌లో మా కాలేజీలో కంప్యూటర్ ఇన్‌స్ట్రక్టర్. పుట్టుకతోనే చూపు లేదు. మా దగ్గర చూపు లేని పిల్లలు ఏటా చేరతారు. మేమిచ్చే నోట్సుని కంప్యూటర్ చేత చదివించుకుని, విని, పరీక్ష రాస్తారు. కంప్యూటర్ చదవగలిగేలా ఆ నోట్సు ఎలా తయారు చేయాలో లెక్చరర్లకీ, ఆఫీసు స్టాఫ్‌కీ నేర్పడం సార్ పని. ఏటా జూన్‌లో మూడు రోజుల ట్రైనింగ్.

మొదటి ఏడాది, మంచి నోట్సు ఎవరివి అని సార్ అడిగితే అందరూ నన్ను చూపించారు. నేనూ గర్వంగానే ఇచ్చాను. డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించిన తెలుగు నోట్సు. ముత్యాల్లాంటి అక్షరాలు.

సార్ ప్రొజెక్టర్ ఆపేసి స్పీకర్ పెట్టారు.

"ఎక్స్, డాలర్, బ్రాకెట్, క్యూ, కామా, కామా..."

ఒక్క తెలుగు ముక్క లేదు. ఆ పాత ఫాంట్‌లో కంటికి కనబడేది తెలుగు. లోపల ఉన్నది ఇంగ్లిష్ అక్షరాల చెత్త. ఆ సంగతి నాకు ఆ రోజుదాకా తెలియదు.

హాలంతా నవ్వులు. మేడం నోట్సుకి దయ్యం పట్టిందని వెనకనుంచి ఎవరో అన్నారు.

సార్ నవ్వలేదు.

"జెర ఆగి నవ్వుండ్రి సార్. పిల్లలు పోయినేడు గిదే ఇన్నరు. గిదే ఇని పరీక్ష రాసిన్రు."

పోయినేడు నా సబ్జెక్టులో తప్పిన అమ్మాయి గుర్తొచ్చింది. ఆ పిల్లకి శ్రద్ధ లేదని స్టాఫ్ రూమ్‌లో అన్నది నేనే.

అలాంటి మనిషి చెప్పే పాఠాన్ని మనం ఏం చేశాం?

రిజిస్టర్‌లో సంతకం పెట్టి, ఆయనకి కనబడదు కదా అని వెనక తలుపులోంచి క్యాంటీన్‌కి జారుకున్నాం. ఆయనకి తెలిసేది. కుర్చీలు జరిగిన చప్పుడు వినేవారు. "మేడం, ఇంక ఎవరున్నరు? మీరు, నేను, ఫ్యానేనా?" అని ఒకసారి నన్నే అడిగారు.

ఊరంతా సాఫ్ట్‌వేర్, సాఫ్ట్‌వేర్. మా గేటు మీద ఫ్లెక్సీలోనూ అదే. కొత్త ల్యాబ్‌కి రిబ్బన్ కూడా కట్ చేశాం. అందులో పిల్లలకి చదివి వినిపించే సిస్టమ్ ఒక్కటే. దాని స్పీకర్ సార్ ఇంటినుంచి తెచ్చుకున్నది.

తనిఖీ వాళ్లు వచ్చే రోజు మాత్రం సార్‌కి కొత్త కుర్చీ, ఫోటోలు. ఫైల్లో "సిబ్బంది అందరికీ శిక్షణ ఇవ్వబడింది" అన్న వాక్యం.

ఆ వాక్యం రాసింది నేనే. అందుకే ఈ కోపం ఎవరి మీదో నాకే సరిగ్గా తేలడం లేదు. తేలకపోయినా తగ్గడం లేదు.

సార్ అన్నిటికన్నా మొత్తుకున్నది ఒక్క విషయం. బొమ్మ పెడితే, అందులో ఏముందో నాలుగు ముక్కలు రాయండి. లేకపోతే మెషిన్ "ఇమేజ్" అని ఊరుకుంటుంది. దీనికి ఇంగ్లిష్‌లో పేరుంది కానీ, ఆయన "బొమ్మకు మాట" అనేవారు.

ప్రాక్టీస్‌కి అప్పటికప్పుడు తన ఫోటోనే తీయించి ఇచ్చారు. ఆఫీసులో ఒకాయన "అంధ ఉపాధ్యాయుడు" అని రాశారు.

"గది నాకెర్కనే. అంగి ఏ రంగో రాయుండ్రి. పొద్దుగాల్నుంచి ఇంట్ల పంచాయితి. నేను తెల్లదంటున్న, మా భాగ్య నీలమంటుంది."

భాగ్యగారు ఆయన భార్య. ఆమెకీ చూపు లేదు.

అంగీ తెల్లదే.

నిన్న మధ్యాహ్నం మెట్టుగూడలో వాళ్లింటికి వెళ్లాను. భాగ్యగారు నా చేయి తడిమి పట్టుకుని, ఫోన్ నా చేతిలో పెట్టారు.

"మేడం, కాలేజోల్లు ఏందో పంపిన్రు. ఫోను ఇమేజ్, ఇమేజ్ అనుడే. ఆయన గురించి ఏం రాసిన్రు?"

అదే పోస్టర్. పేరు, వార్త, అంత్యక్రియల సమయం, అన్నీ బొమ్మలోనే. కింద ఒక్క మాట టైప్ చేయలేదు.

ఇదే బొమ్మ చూపు లేని పిల్లల గ్రూపుకీ వెళ్లింది. రోజూ వచ్చే గ్రీటింగ్ అనుకుని ఒకమ్మాయి "వెరీ గుడ్ మార్నింగ్ సార్" అని జవాబిచ్చింది. సంగతి తెలిశాక ఆ పిల్ల ఏడ్చిన ఏడుపుకి ఎవరు జవాబు చెబుతారు?

ఇన్నేళ్ల ట్రైనింగ్. ఆయన చావు కబురు కూడా ఆయన మనుషులకి చేరకుండా పంపాం.

భాగ్యగారికి చదివి వినిపించాను. "చీకటిని జయించిన మహనీయుడు" అన్న దగ్గర ఆమె నా చేయి నొక్కి ఆపారు.



"చీకటంటే ఎట్లుంటదో ఆయనకేం ఎర్క మేడం?"

తర్వాత అడిగారు. "ఫోటోల ఏ అంగి ఉంది?"

ట్రైనింగ్ రోజు తీసిన ఫోటోనే. తెల్లదని చెప్పాను.

"గట్లనా. నేను ఆఖరుదాంక నీలమే అన్న."

ఆ వార్త మాటల్లో రాసి మళ్లీ పంపండని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. డిజైన్ బాగానే వచ్చింది కదా మేడం అన్నారు. నేనే టైప్ చేసి రెండు గ్రూపుల్లోనూ పెట్టాను. ఆ పని నిన్న పొద్దునే ఆటోలోనే చేయాల్సింది. నాకూ తోచలేదు.

ఆ పాత ఫోటోనే ఇక్కడా పెడుతున్నాను. పిల్లలూ, ఇది మీ ఫోన్ చదువుతుంది.

బొమ్మకు మాట: యాదగిరి సార్ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. తెల్ల అంగీ, పై గుండీ లేదు. తల స్పీకర్ వైపు వంచి, మా తప్పుల్ని వింటున్నారు. వెనక కుర్చీలన్నీ ఖాళీ. అయినా నవ్వుతున్నారు.

వెళ్లి రండి సార్. ఇమేజ్ అని ఊరుకునే లోకం నుంచి, అన్నీ మాటల్లో చెప్పే చోటికి. అక్కడ నిమ్మళంగా ఉండండి.