నగరి మగ్గాల ట్రాన్స్‌ఫార్మర్ తాగిన నీళ్లు

కరోనా తగ్గిన మరుసటి వేసవి. తిరుపతిలో ట్రాన్స్‌ఫార్మర్ నూనె పరీక్షించి, శుభ్రం చేసే చిన్న సర్వీసు నాది. నగరి మరమగ్గాల షెడ్డుల పెద్ద వేలాయుధం అన్న ఒకరోజు ఫోన్ చేశాడు. "మేడం, మా ట్రాన్స్‌ఫార్మర్ సచ్చిపోయిందంటా ఉండారు. ఒకసారి వచ్చి సూసి పోండి" అన్నాడు. నలభై మగ్గాలకు కరెంటిచ్చే సొంత ట్రాన్స్‌ఫార్మర్ అది. బడులు తెరిచేలోపు యూనిఫాం గుడ్డ నేసి పంపాలి. పన్నెండు రోజులే గడువు. తప్పితే ఆర్డరు ఈరోడ్ వాళ్లకు పోతుంది, ఆ ఏడాదికి షెడ్డుల్లో పని ఉండదు.

వెళ్లేసరికి వాళ్ల పాత కాంట్రాక్టరు అక్కడే ఉన్నాడు. లోపల చిటపటమని చప్పుడు వచ్చిందని సరఫరా ఆపేశారట. "కాయిల్ పోయింది మేడం. దీన్ని తీసేసి డ్రై టైప్ పెట్టుకోమని చెప్తా ఉండాను. నూనె గొడవే ఉండదు" అన్నాడు.

డ్రై టైప్ అంటే నూనె లేకుండా గాలితో చల్లబడే రకం. ఆసుపత్రుల్లో, పెద్ద అంగళ్ల లోపల, నిప్పు భయం ఉన్నచోట మంచిదే. కానీ నగరి ఎండలో, ఆరుబయట, నిత్యం దూది నుసి ఎగిరే మగ్గాల పక్కన అది ఊపిరాడక చస్తుంది. పైగా ఆర్డరిస్తే వచ్చేలోపు పిల్లలకు క్వార్టర్లీ పరీక్షలు కూడా అయిపోతాయి. ఆ మాటే అనేశాను. ఆయనకు కోపం వచ్చింది. రానీ అనుకున్నాను.

నూనె ట్రాన్స్‌ఫార్మర్ అంటే నాకు ప్రేమ, దాచుకోను. ఇనుప రేకుల పేర్పు మీద రెండు తీగ చుట్లు. ఒకదానిలోకి పదకొండు వేల వోల్టులు వెళ్తే, రెండోదానిలోంచి మగ్గం మోటారుకు సరిపడా వస్తుంది. రెంటినీ కలిపే తీగ ఏదీ లేదు, అయస్కాంత శక్తే మధ్యవర్తి. ఆ పనిలో పుట్టిన వేడిని నూనె మోస్తుంది. చుట్ల దగ్గర వేడెక్కి పైకి లేస్తుంది, పక్కనున్న రేడియేటర్ రెక్కల్లోకి దిగి చల్లబడుతుంది, మళ్లీ కిందనుంచి లోపలికి చేరుతుంది. పంపు లేదు, ఫ్యాను లేదు. కరెంటు పక్కదారి పట్టకుండా అడ్డుకునేదీ ఆ నూనే. కాస్త ఎక్కువ భారం వేసినా ఓర్చుకుంటుంది, చెడితే బాగు చేసుకోవచ్చు. కాకపోతే కారుతుంది, అంటుకుంటే మండుతుంది, తేమను మాత్రం అసలు భరించలేదు.

మీటర్లు తగిలించి చూశాను. చుట్లు తెగలేదు, వోల్టేజీ లెక్క ప్రకారమే మారుతోంది. కరెంటు ఎంత గట్టిగా ఆగుతుందో కొలిచే మెగ్గర్‌లో ఇన్సులేషన్ మాత్రం బాగా పడిపోయింది. నూనె తీసి బీడీవీ పరీక్ష పెట్టాను. చిన్న గిన్నెలో నూనె పోసి, రెండు లోహపు గుండీల మధ్య వోల్టేజీ పెంచుతూ పోతే, ఎక్కడ మెరుపు వస్తే అదే ఆ నూనె సత్తా. ముప్పై కిలోవోల్టులైనా నిలవాలి. పద్నాలుగుకే టప్పుమంది.

"కాయిల్ బతికే ఉంది. నూనె నీళ్లు తాగింది. ఆ చిటపట దానిదే" అన్నాను.

బ్రీదర్ చూస్తే అనుమానం తీరింది. నూనె వేడికి పొంగి గాలి వదులుతుంది, చల్లబడి గాలి పీలుస్తుంది. ఆ గాలి బ్రీదర్ అనే చిన్న డబ్బాలోంచే రావాలి. అందులోని సిలికా జెల్ గుళికలు తేమను పట్టేస్తాయి. పొడిగా ఉంటే నీలం, తడిస్తే గులాబీ. ఇక్కడ మొత్తం గులాబీ. ఎవరూ పట్టించుకోలేదులే అనుకుని కొత్త గుళికలు నింపాను. నూనెను వేడి చేసి వాక్యూమ్‌తో నీటిని లాగే ఫిల్టర్ మిషన్ తగిలించాను. సాయంత్రానికి బీడీవీ ముప్పై నాలుగు. పొద్దున సరఫరా ఇద్దామని చెప్పి గర్వంగా ఇంటికొచ్చాను.

మరునాడు పొద్దున చూస్తే పంతొమ్మిది. కొత్త గుళికలు గులాబీ రంగుకు తిరిగాయి. కాంట్రాక్టరు నేను చెప్పలేదా అన్నట్టు మీసం దువ్వుకున్నాడు. వేలాయుధం అన్న ముఖం చూడలేకపోయాను.

అప్పుడు కంచె పక్కన ఆరేసిన గోనె సంచులు కంటబడ్డాయి. ఇంకా నీళ్లు కారుతున్నాయి. ఎవరివని అడిగితే మగ్గం నేసే కుమారి ముందుకొచ్చింది.

"నావే మేడం. పగలంతా ఎండకు దీని ఒళ్లు కాలిపోతాది గదా పాపం. దినమ్మూ సాయంకాలం తడి గోనెలు కప్పతాను. పెద్దోళ్లు వస్తే గలీజుగా ఉంటాదని ముందే తీసేస్తాను."

"కరెంటు ఉన్నప్పుడు కూడానా? ఎలా కప్పుతావు?"

"వెదురు కర్రతో ఎత్తి ఏస్తాను."

ఆ రెక్కలకు కాస్త పైనే పదకొండు వేల వోల్టుల తీగలు తగిలించే పింగాణీ బుషింగులు. నాకు చెమటలు పట్టాయి. "నీకేమన్నా పిచ్చా? చచ్చిపోయేదానివి!" అని అరిచాను. కుమారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"షెడ్లో మాకు అదే గదా మేడం మందు. గాలి పొడిగుంటే నూలు పుటుక్కున తెగతాది. తడి గోనెలు కడితే మగ్గం నిలబడకుండా ఆడతాది. దీనికీ అంతే అనుకొంటి."

నా కోపం దిగిపోయింది. పత్తి నూలు తెలిసిన మనిషి ఆలోచన అది. అందులో ప్రేమ ఉంది, అనుభవం కూడా ఉంది. ఆ గోనెలు బ్రీదర్‌ను కూడా కప్పేశాయి. నూనె చల్లబడుతూ పీల్చిన గాలి అంతా తడిగాలే.

"ఇప్పుడు బతకతాదా మేడం?" అన్నాడు వేలాయుధం అన్న.

"తాగించడం మానేస్తే బతుకుతుంది."

గుళికలు మళ్లీ మార్చి, ఇంకో రెండు రోజులు వేడి నూనె తిప్పాను. బీడీవీ యాభై ఎనిమిది. మెగ్గర్ ముల్లు పైకి లేచింది. ఆ మరునాడు మధ్యాహ్నం సరఫరా ఇచ్చాం. ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా హుమ్మంది, ఒక్కో షెడ్డులో మగ్గాలు అందుకున్నాయి. నలభై మగ్గాల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. నాకు ఈల వేయాలనిపించింది. ఈ వయసులో ఏమిటని కూడా ఆలోచించకుండా వేశాను. గుడ్డ గడువుకు ఒకరోజు ముందే లారీ ఎక్కింది.

నా మీటర్లకు దొరకని కారణం కుమారిని ఒక్క మాట అడిగితే మొదటిరోజే దొరికేది. అప్పటినుంచి ఎక్కడికెళ్లినా పనిముట్ల పెట్టె తెరవకముందే, దీన్ని రోజూ చూసుకునేది ఎవరని అడుగుతాను. కరెంటు జాగ్రత్తలన్నీ నేను నేర్పాక, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కంచె తాళం ఇప్పుడు కుమారి దగ్గరే ఉంటుంది. మొన్న వెళ్లి గబగబా లోపలికి అడుగు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పులతో పోతారా మేడం? రబ్బరు బూట్లు యాడ?"

నోరు మూసుకుని జీపు దగ్గరికెళ్లి బూట్లు వేసుకొచ్చాను.