పడవకి పారాణి

పాప పుట్టిన ఏడాదంతా మా రైల్వే క్వార్టర్ వెనక వసారాలో ఒక పడవ బోర్లా పడుకుని ఉండేది. ఇంట్లో ఇద్దరు పసివాళ్ళు ఉన్నట్టు అనిపించేది నాకు. ఇప్పుడు పాపకి నాలుగేళ్ళు. పక్కన పడుకుని ఉంది. దాని ఊపిరి వినబడేంత దగ్గరగా కుర్చీ జరుపుకుని ఇది రాస్తున్నాను.

మావారు ఇక్కడే, బిలాస్‌పూర్‌లోనే పుట్టి పెరిగారు. కోచ్‌ల షెడ్‌లో కార్పెంటరు. పాడైన పెట్టెల్లో బెర్తులు, కిటికీలు, తలుపులు సరిచేయడం ఆయన డ్యూటీ. ఎవరో ప్రయాణికులు బెర్తు కింద వదిలేసిన ఇంగ్లీషు పత్రికలో ఆ పడవ బొమ్మ చూశారట. సన్నంగా, రెండు కొసలూ పైకి లేచి, చెక్క బద్దలన్నీ కనిపిస్తూ. అప్పటికి నేను ఆరో నెల కడుపుతో ఉన్నాను. భోజనం మధ్యలో ఎడమచేత్తో ఆ కాగితం నాకు చూపించి, "మనం చేద్దాం" అన్నారు. మనం అన్నారు కాబట్టి నేను కూడా తలూపాను.

చట్రాలు ప్లైవుడ్ నుంచి కోశారు. ఒక బల్ల మీద అడుగుకొకటి నిలబెట్టి, వాటి మీద గుమ్మడి టేకు బద్దలు, పెన్సిలంత మందం, ఒకదాని పక్కన ఒకటి జిగురుతో అతికించుకుంటూ వచ్చారు. రోజుకి రెండు బద్దలు, లేదా మూడు. జిగురు ఆరేదాకా చిన్న మేకులు కొట్టేవారు, మర్నాడు పీకేసేవారు. ఆ మేకుల చిల్లులు వరసగా, కుట్టు ఊడదీసిన జాకెట్టు మీద సూది గుర్తుల్లా ఉండేవి.

పక్క క్వార్టర్లో రిటైరైన డ్రైవరు తాతగారు ఉండేవారు. సాయంత్రం పూట గోడ మీదుగా తొంగి చూసేవారు.

"ఏట్రా అబ్బాయ్, అర్పా నదిలో నీలేవిరా? ఎక్కడ సూసినా ఇసకే గదా!"

"వానలొస్తే వస్తాయి తాతా."

"అచ్ఛా! వానలు ఎల్లిపోతే? నా మాటిని చక్రాలెట్టించెయ్. లైను మీద తోలుకుందువు. సిగ్నల్ నేనిస్తాను."

పాప శ్రావణంలో పుట్టింది. పుట్టిన నాటి నుంచి నాకు భయమే. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఊపిరి వేలికి తగిలితే ఒక్క క్షణం నెమ్మది, తర్వాత మళ్ళీ అనుమానం. అన్నిటికన్నా కష్టం స్నానం. మా అత్తగారు కాళ్ళు చాపుకుని, పాపని కాళ్ళ మీద బోర్లా వేసుకుని చెంబుతో నీళ్ళు పోసేవారు. నీళ్ళు ముక్కులోకి వెళ్తాయేమోనని నా ప్రాణం కొట్టుకునేది. చూడలేక వసారాలోకి వెళ్ళిపోయేదాన్ని. ఊరికే నిలబడితే ఏడుపు ఇంకా గట్టిగా వినిపించేది. అందుకని రేగ్‌మాల్, ఆ గరుకు కాగితం, తీసుకుని పడవ వీపు రుద్దేదాన్ని. లోపల ఒక బోర్లా పిల్ల ఏడుస్తుంటే, బయట ఇంకో బోర్లా పిల్లకి నేను నలుగు పెడుతున్నట్టుండేది. సన్నటి పొడి ఎండలో లేచి, ఎక్కడా వాలకుండా తేలుతూ ఉండేది. స్నానం అయిపోయి, సాంబ్రాణి వాసన వసారాదాకా వచ్చినా నా చెయ్యి ఆగేది కాదు. అలా నాకు తెలియకుండానే పడవ నున్నబడింది.

ఒకరోజు ఆయన దాని మీద అరచెయ్యి వేసి, "ఇందులో మొట్టమొదట ఎక్కేది నా కూతురే" అన్నారు.

"నాకూ కూతురే. ఎక్కదు" అన్నాను.

"నేనుంటాను కదా."

"మీరున్నా ఎక్కదు."

ఆయన కోప్పడలేదు. జిగురు గిన్నె దగ్గరికి లాక్కుని గీకడం మొదలెట్టారు. "రోజంతా బాగుచేస్తాను. నేను బిగించిన కిటికీ దగ్గర ఎవరు కూకుంటారో నాకేటి తెలుసు? బండి కదిలిందంటే అయిపోయింది. మనోళ్ళు కూకునేది ఒక్కటైనా చెయ్యాలనుంది" అన్నారు.

అయినా సరేనని అనలేదు. అప్పటినుంచి ఒక్కొక్క బద్దా చేరుతుంటే, మిగిలిన సందుని జానతో కొలిచి చూసుకునేదాన్ని. వీపు మధ్యలో మిగిలిన ఆఖరి సందు మూసిన రోజు ఆయన జిలేబీ తెచ్చారు. నేను తినలేదు.

చలికాలం ఉదయం, ఎండ ఇంకా వసారాలోకి రాకముందు, గుడ్డ వేసే పని పెట్టుకున్నారు. గాజు పోగులతో నేసిన గుడ్డ అది. చెక్క మీద పరిచి, పైన రెసిన్ అనే జిగురు పూస్తే నీళ్ళు పట్టని పొర అవుతుంది. తిఫ్రాలో ఒక కార్ఖానా నుంచి గుడ్డ, రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ సంపాదించారు. గుడ్డని రెండు చేతులతో నెమ్మదిగా పరిచి, ముడతలు సర్ది, కొసల దగ్గర మడిచారు.

నేను పాపని ఎత్తుకుని గుమ్మంలో ఉన్నాను. పొడుగ్గా, తెల్లగా, కదలకుండా ఉంది అది. నాకేం గుర్తొచ్చిందో పైకి చెప్పలేకపోయాను. పాపని ఇంకా గట్టిగా హత్తుకున్నాను.

అత్తగారు నా ముఖం చూశారు, పడవని చూశారు. ఆవిడా ఆ మాట అనలేదు.

"ఏట్రా, కొత్తగుడ్డ పసుపెట్టకుండా కట్టేస్తన్నావా? నీకెవులు నేర్పినారు?"

"అమ్మా, దాన్ని ముట్టుకోకూడదు. సెయ్యి జిడ్డు తగిల్నా మరకుండిపోద్ది."

"నీ పెళ్ళికి కట్టిన పంచెకి పసుపెట్టినాను. మరకైపోనావేటి?"

ఆయన ఓడిపోయారు. "కొసన. ఒక్క సుక్క" అన్నారు.

అత్తగారు పసుపు గిన్నె నా చేతికిచ్చారు. నేను ఉంగరపు వేలితో పడవ ముందు కొసన ఒక చుక్క పెట్టాను. ఆ పచ్చటి చుక్కతో ఆ తెలుపు కొత్తబట్ట అయింది. పాపని హత్తుకున్న చెయ్యి కొంచెం వదులు చేశాను.

హార్డెనర్ మూత తీయగానే ముక్కులదిరే వాసన వచ్చింది, కాలేజీ ల్యాబులో అమోనియా సీసా తెరిచినట్టు. ఆయన రెసిన్‌లో అది కలిపి, మధ్య నుంచి పూయడం మొదలుపెట్టారు. అప్పుడు జరిగింది నేనెప్పటికీ మరచిపోలేను. తడి తగిలిన చోటల్లా గుడ్డ మాయమైపోయింది. తెలుపు కరిగిపోయి, అడుగునుంచి చెక్క పైకి తేలి వచ్చింది, తేనె రంగులో, ఒక్కొక్క బద్ద ఒక్కొక్క ఛాయలో. నీళ్ళలోంచి ఎవరో మెల్లగా ముఖం పైకెత్తుతున్నట్టుంది. పాప కూడా ఏడుపు మానేసి చూసింది.

కుంచె ముందు కొసకి చేరింది. పసుపు చుక్క తడిసింది. చూస్తుండగానే ఎర్రబడింది. ముదురు ఎరుపు, అంచులు కొద్దిగా పాకుతూ.

"నెత్తురు" అన్నాను. "ఆపండి. ఇంక వద్దు. ఆపేయండి."

"ఆపితే మొత్తం పాడైపోద్ది! గిన్నె వేడెక్కిపోతంది, గట్టిపడిపోద్ది" అంటూ ఆయన కుంచె ఆడిస్తూనే ఉన్నారు. ఆయన ముఖం కూడా పాలిపోయింది.

అత్తగారు వంగి, ఆ చుక్క దగ్గరగా ముఖం పెట్టి చూశారు.

"ఓలమ్మ! పారాణెట్టుకుందిరా ఇది!"

అప్పుడు నాకు నవ్వు, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. పసుపులో సున్నం కలిపితే పారాణి. నా పెళ్ళిలో నా కాళ్ళకి రాసిందీ అదే. విజయనగరంలో బీయెస్సీ చదివే రోజుల్లో పసుపు కాగితాన్ని క్షారంలో ముంచి, ఎర్రబడితే రికార్డులో రాసుకున్నదాన్ని. హార్డెనర్ కూడా క్షారమే. ఆ వాసనకి అమోనియా గుర్తొచ్చింది గాని, పసుపు ఏమవుతుందో తట్టలేదు. తెలిశాక కూడా పాప వేళ్ళన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసుకున్నాను.

"మరక" అన్నారు ఆయన దిగులుగా.

"మరకంటావేట్రా సచ్చినోడా! నీ పడవ పెళ్ళికూతురైనాది."

కొన్నాళ్ళకి పడవని వెల్లకిలా తిప్పి లోపల కూడా గుడ్డ పరిచారు. ఈసారి ఎవరూ అడగకముందే నేనే పసుపు తెచ్చాను. రెండు కొసలకీ పెట్టి, కుంచె వచ్చేదాకా పక్కనే కూర్చుని, ఎర్రబడడం కోసం చూశాను.

పై ఏడాది వానలు వెళ్ళాక, చిన్న లారీలో రతన్‌పూర్ దాటి డ్యామ్ దగ్గరికి తీసుకెళ్ళాం. నీళ్ళు నిండుగా, గాలి లేకుండా ఉన్నాయి. నేను ఒడ్డున ఉండేటట్టు, పాప నా దగ్గరే ఉండేటట్టు దారి పొడుగునా మనసులో ఖాయం చేసుకున్నాను. ఆయన పడవని నీళ్ళలోకి దించి, ఏమీ అడగకుండా నావైపు చూశారు. నేను పాపని ఇంకో చంకకి మార్చుకున్నాను.

"పారాణెట్టిన పిల్లని ఒంటిగా పంపుతారేటే?" అన్నారు అత్తగారు. "అత్తోరింటికి ఎల్లేటప్పుడు తోడెవులో ఒకరుండాల. నువ్వే పసుపెట్టినావు, నువ్వే ఎల్లు. పిల్లనీ ఎత్తుకెల్లు."

పాపని ఒక్కదాన్నీ ఇమ్మని అడిగి ఉంటే ఇచ్చేదాన్ని కాదు. ఆవిడ అడిగింది నన్ను తోడు వెళ్ళమని. లారీ డ్రైవరు దగ్గర గాలి నింపిన టైరు ట్యూబు అడిగి నా నడుముకి తొడుక్కున్నాను. అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "వడ్డాణం బాగుంది."

ఎక్కాను. పడవ ఒకసారి ఊగింది, తర్వాత కుదుటపడింది. పాపని పాత చీరతో నా ఛాతీకి కట్టుకుని, రెండు చేతులతో అంచులు పట్టుకున్నాను. వెనక ఆయన తెడ్డు వేస్తున్నారు. పెన్సిలంత చెక్క కింద నీళ్ళు గుసగుసలాడుతూ జరిగిపోతున్నాయి. నేను రుద్దిన చెక్క అది. ఎండ దాని మీద పడి, మా ముఖాల మీదికి తేనె రంగు వెలుగు వచ్చింది. ఎదురుగా కొసన ఎర్ర చుక్క. పాప దాన్ని చూస్తూ ఏదో చెప్పింది, చెప్పింది, మాటలు నెమ్మదించాయి. దాని తల నా గుండె మీద బరువెక్కింది. ఊపిరి చీర లోంచి వెచ్చగా తగులుతోంది.

దూరంగా అత్తగారు చెయ్యి ఊపుతున్నారు.

"భయమేస్తోందా? ఒడ్డుకెళ్దామా?" అన్నారు ఆయన వెనకనుంచి.

"భయంగానే ఉంది" అన్నాను. "కానీ ఇప్పుడే వద్దు. పడుకుంది. ఒడ్డు తగిలితే లేస్తుంది."