ఐదంగుళాల పుల్లీ

మొన్న మనవడి ఫోను చార్జరు కింద పడితే తీసిస్తూ, అలవాటు కొద్దీ కళ్ళజోడు సర్దుకుని దాని వెనకున్న సన్నటి అక్షరాలు చదివాను. కరెంటు ఫ్రీక్వెన్సీ యాభై అయినా, అరవై అయినా పరవాలేదని ఉంది. వాడు దాన్ని ఒక్కసారైనా చూసి ఉండడు, చూడాల్సిన అవసరమూ లేదు. నాకు మాత్రం సౌదీలో మా ఆవిడ పడ్డ బెంగ గుర్తొచ్చింది.

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో మోటార్ల పని నేర్చుకుని, సౌదీలో ఎలక్ట్రీషియన్‌గా చేరి, కొన్నాళ్ళకు క్వార్టర్సు ఇస్తే ఆవిడనూ పిలిపించుకున్నాను. కోయిలకుంట్లలో పిండి మర నడిపే మా మామ, రాగి సంగటి లేనిదే కూతురికి పూట గడవదని, పిండైతే పురుగు పడుతుందని, రాగులతో పాటు చిన్న ఇంటి మర కూడా పెట్టెలో బిగించి పంపాడు. ఇంకేముంది, క్యాంపులో ఉన్న మనవైపు వాళ్ళందరినీ ఆవిడ శుక్రవారం సంగటికి పిలిచేసింది. ఏళ్ళ తరబడి అక్కడి రొట్టెలు నమిలి విసిగిన మనుషులు, ఆ మాటకే పండగ చేసుకున్నారు.

తీరా బుధవారం మర ఆడిస్తే పిండి చెయ్యి కాలేంత వేడిగా, మాడువాసనతో వచ్చింది. దాంతో సంగటి కెలికితే ముద్ద కట్టలేదు. పిలిచినవాళ్ళకు ఏం పెట్టేదని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మన ఊళ్ళలో కరెంటుకున్న జబ్బల్లా లో ఓల్టేజే కదా, నేనూ ముందు అదే చూశాను, సరిగ్గానే ఉంది. మర రాళ్ళు చూశాను, అవీ బాగానే ఉన్నాయి. అప్పుడు ఆవిడ మర పక్కన నిలబడి విని, "మా నాయన కాడ మర ఇట్లా అరిచేది కాదు. ఇది శానా జోరుగా తిరుగుతాండాది" అంది.

ఆ మాటతో నా బుర్ర వెలిగింది. మన కరెంటు ఫ్రీక్వెన్సీ యాభై, అక్కడిది అరవై. ఇంటి దగ్గర ఐదు చుట్లు తిరిగే లోపల మోటారు అక్కడ ఆరు చుట్లు తిరుగుతోంది. దేశం కరెంటును నేను మార్చలేను గానీ, మోటారు మీద ఉండి బెల్టుతో మరను తిప్పే పుల్లీని మార్చగలను; అది చిన్నదైతే మర నెమ్మదిస్తుంది. వర్క్‌షాపులో లేతు మీద పనిచేసే మైదుకూరు అతన్ని అడిగితే, "సంగటి కోసమైతే ఒకటేందన్నా, నాలుగు చేసిస్తా" అన్నాడు. మోటారుకున్న ఆరంగుళాల పుల్లీ విప్పి, అతను చేసిన ఐదంగుళాలది ఎక్కించి, బెల్టు బిగించి స్విచ్చి వేశాను. మోటారు దాని జోరున అది తిరిగినా, మర మాత్రం కోయిలకుంట్ల వేగానికి దిగింది. ఆవిడ గుప్పెడు పిండి తీసి చెంపకు ఆనించుకుని, చల్లగా ఉందని నవ్వింది.

శుక్రవారం ఇల్లు పట్టనంత మంది వచ్చారు. మైదుకూరు అతను మొదటి ముద్ద చెనిక్కాయల చట్నీలో అద్దుకుని తిని, "ఇంట్లో కూచున్నట్టుండాదక్కా" అని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. జీవితంలో ఎన్నో పెద్ద మోటార్లు నడిపించాను గానీ, అంతగా మళ్ళీ దేనికీ గర్వపడలేదు.

మన ఊరికి తిరిగొచ్చాక మర మోటారుకు పాత పుల్లీయే ఎక్కించాను. ఇప్పుడు రాగి పిండి పాకెట్లలో వస్తోంది, మర మూలపడింది. ఐదంగుళాల పుల్లీ మాత్రం మా వంటింట్లో వేడి గిన్నెల కింద ఉంటుంది. పాత ఇనుము కొనేవాడు అడిగినప్పుడల్లా "అది అమ్మేది కాదప్పా" అంటుంది ఆవిడ. వస్తువులు ఏ దేశం వెళ్ళినా వాటంతటవే సర్దుకుంటున్నాయి, మంచిదే. ఒక ముద్ద సంగటి కోసం ముగ్గురు తలా ఒక చెయ్యి వేసే పని ఇక ఎవరికీ లేదు. ఆ పని లేకపోవడమే నాకు లోటుగా ఉంది.