సులభా మోహితే చిన్న చెవులు

సులభా మోహితేకు కోపం తెప్పించాలంటే ఆమె దగ్గర ఇయర్‌ఫోన్ల మాటెత్తితే చాలు. ఆ గొడవ జరిగి మూడేళ్లయినా ఆ మాట వింటే ముక్కుపుటాలు అదురుతాయి. నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటారు కానీ ఆ కోపంలో న్యాయం ఉంది. పక్కనుండి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

డోంబివ్లీ నుంచి దాదర్‌కు ఇద్దరం ఒకే ముంబై లోకల్ రైలుబండిలో, ఆడవాళ్ల పెట్టెలో, పద్దెనిమిదేళ్లుగా వెళుతున్నాం. నేను బట్టల కొట్లో బిల్లులు రాస్తాను. ఆమె ఒక వంటకేంద్రంలో గోధుమ పోళీలు, అంటే చపాతీలు, వత్తుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకు పీట ముందు కూర్చుంటే మధ్యాహ్నం మూడు దాకా లేవదు. అక్కడ యజమానురాలి సీరియళ్లు మోగుతుంటాయి. ఇంటికెళితే భర్త పెట్టే వార్తలు. పాట వినడానికి ఆమెకు మిగిలింది బండిలో గడిచే గంటసేపే. పెళ్లికి ముందు సాతారా దగ్గర పల్లెలో భజన మండలికి హార్మోనియం వాయించిన మనిషి. పాట లేకుండా రోజు గడపడం ఆమె వల్ల కాదు.

బండిలో అమ్మే చవక ఇయర్‌ఫోన్లు ఎన్నో కొంది. ఏది పెట్టుకున్నా పావుగంటకే చెవి సలిపేది. అందరికీ అంతేననుకుని ఓర్చుకుంది. ఆ దీపావళికి బోనస్ చేతికి రాగానే, "విమలాతాయీ, ఈసారి మంచివి కొంటాను. నాకు తోడు రా" అంది. నన్ను తాయీ, అంటే అక్కా అనే పిలుస్తుంది.

దాదర్ స్టేషన్ దగ్గర దీపేన్ అనే అతని కొట్టుకు వెళ్లాం. అద్దాల బల్ల, రంగురంగుల దీపాలు, గోడ నిండా పెట్టెలు.

"ఒకసారి పెట్టుకుని చూడనా భావూ?" అని అన్నను అడిగినట్టే అడిగింది సులభ.

"చెవిలో పెట్టుకునేది కదా, కాకూ! మీరు పెట్టుకుని వదిలేస్తే ఆ ఎంగిలి సరుకు నేనెవరికి అమ్మాలి?" అన్నాడు దీపేన్, పిన్నిని పలకరించినట్టే.

"మరి నాకు సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది?"

"అందరికీ సరిపోతాయి. చెవులన్నీ ఒకటే కదా! ఇందులో బాస్ దరువు వినండి, మీ బండి మోత కూడా వినబడదు."

ఎనిమిది వందల యాభై ఇచ్చి తెచ్చుకుంది. మర్నాడు బండిలో పెట్టుకుంటే రబ్బరు తొడుగు లోపలికి దిగలేదు. అంచున వేలాడింది. నొక్కితే నొప్పి, వదిలితే జారుడు. సందులోంచి బండి మోతంతా లోపలికి వస్తుంటే పాట వినబడక శబ్దం పెంచింది. ఠాణే దాటేసరికి చివరిదాకా పెంచేసింది. నాలుగో రోజుకు ఎడమ చెవి ఎర్రగా వాచింది.

మున్సిపాలిటీ దవాఖానాలో ఉన్న డాక్టరమ్మ చెవిలో లైటు వేసి చూసి కసురుకుంది. "లోపలంతా ఒరుసుకుపోయింది. మీ చెవిరంధ్రం సన్నం. ఇంత లావు తొడుగు ఎందుకు కుక్కుకున్నారు? పెట్టెలో చిన్నవి కూడా ఉంటాయిగా, అవి వేసుకోవాలి."

"పెట్టెలో ఏం లేవమ్మా. ఉన్నవి ఇవే."

"మూడు సైజులు ఇస్తారండీ. పెట్టె మీద చూసుకోండి. మందు వేసుకోండి, పది రోజులు ఏదీ పెట్టకండి."

ఇంటికొచ్చి పెట్టె వెనక్కు తిప్పి చూసింది. నిజమే. చిన్న, మధ్య, పెద్ద, మూడు జతల బొమ్మలున్నాయి. లోపల వాటికోసం చిన్న గూడు కూడా ఉంది. గూడు ఖాళీ.

మర్నాడు సాయంత్రం నన్ను లాక్కుని దీపేన్ కొట్టుకు వెళ్లింది. "ఇందులో చిన్న తొడుగులు ఏవి భావూ?"

అతను పెట్టె వైపు చూడనైనా చూడలేదు. "కంపెనీవాళ్లు వేసుండరు. కావాలంటే విడిగా ఉన్నాయి, జత నలభై." తల మీద తీగకు వేలాడుతున్న పొట్లాలు చూపించాడు. వాటి నిండా చిన్నా పెద్దా తొడుగులు.

సులభ ఆ పొట్లాలను చూసింది. చేతిలో పెట్టెను చూసింది. "ఇంకో పెట్టె తియ్యి."

"ఎందుకు?"

"తియ్యమన్నానా!"

అతను తియ్యలేదు. బల్ల మీదున్న పెట్టెను ఆమే అందుకుని మూత లాగింది. గూడు ఖాళీ. మరోటి లాగింది. అదీ ఖాళీ.

"కాకూ, సరుకు మీద చెయ్యి వేస్తే పోలీసును పిలుస్తా!"

"పిలు! రమ్మను! నా పెట్టెలో సొత్తు తీసి నాకే అమ్ముతున్నావని చెబుతా. గాజులు అమ్మేవాడు చెయ్యి నొక్కి చూసి ఎక్కిస్తాడు. యాభై రూపాయల చెప్పులైనా తొడిగి చూసుకోనిస్తారు. నువ్వు చెవిలో పెట్టేదాన్ని చూడనివ్వవు, ఉన్న తొడుగులు దాచేస్తావు, పైగా చెవులన్నీ ఒకటేనంటావు! నా చెవి వాచింది చూడు, ఇటు చూడు!"

"మీ చెవి చిన్నదైతే నా తప్పా? చెవి మార్చుకోండి" అన్నాడు దీపేన్, పక్కనున్న కొనుగోలుదారుడి వైపు చూసి నవ్వుతూ.

ఆ నవ్వే అతని కొంప ముంచింది. సులభ ఆ కొనుగోలుదారుడి వైపు తిరిగి, "అన్నా, డబ్బిచ్చే ముందు పెట్టె తెరిచి చూసుకో. గూడు ఖాళీగా ఉంటుంది" అంది. అతను తెరిచాడు, చూశాడు, బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు.

ఆ తరువాత వారం రోజులు ఆమె పని ముగించి నేరుగా ఆ కొట్టు ముందుకే వెళ్లి నిలబడింది. అరవలేదు, తిట్టలేదు. వచ్చినవాళ్లందరికీ ఆ ఒక్క మాటే చెప్పింది. మా రైలు పెట్టెలో ఆడవాళ్లకు సంగతి తెలిసి, అక్కడే కొన్న నలుగురు గూడు ఖాళీగా ఉన్న తమ పెట్టెలు పట్టుకుని వచ్చారు. నేనూ నిలబడ్డాను, కాళ్లు పీకుతున్నా. ఒక సాయంత్రం దీపేన్ దగ్గరికొచ్చి, "ఎందుకు కాకూ ఈ గొడవ? రెండు జతలు ఊరికే ఇస్తా, తీసుకెళ్లండి" అన్నాడు.

"ఊరికే ఇవ్వడానికి అవి నీవి కావు. నా డబ్బు నాకివ్వు. వీళ్ల తొడుగులు వీళ్లకివ్వు."

ఏడో రోజున డబ్బు బల్ల మీద విసిరినట్టు పెట్టాడు. ఆ నలుగురికీ పొట్లాలు ఇచ్చాడు. తప్పయిందని మాత్రం అనలేదు. సులభకు ఆ డబ్బు కంటే అదే ఎక్కువ మండింది.

చెవి మానాక మళ్లీ వెతుకులాట. పూల మార్కెట్ వెనక సందులో ఫర్జానా అనే ఆవిడ ఫోన్లు బాగుచేస్తుంది. ఆమె డబ్బాలో పరీక్షకని ఉంచిన జతలు నాలుగున్నాయి. తొడుగులు స్పిరిట్‌తో తుడిచి ఇచ్చింది. "తేలికవి చూసుకో తాయీ. బరువుంటే చెవి మీద వేలాడి లాగుతుంది. అన్నిటికంటే చిన్న తొడుగు వెయ్యి. చెవి పైకి లాగి, తిప్పుతూ పెట్టు. నెట్టకు."

మూడోది కుదిరింది. ఆకు బరువు కూడా లేని తీగ జత, మూడు వందల అరవై. సందులో బండ్ల రొద సగానికి పడిపోయింది. సులభ తన ఫోన్లోంచి రోజూ వినే అభంగం, ఒక మరాఠీ భక్తిపాట, పెట్టుకుని కళ్లు మూసుకుంది. నేను చిరునవ్వు వస్తుందని చూశాను. కనుబొమలు ముడిపడ్డాయి.

"దీంట్లో డగ్గా ఉందే!" అంది. తబలాలో ఎడమచేతి కింద మోగే ఆ బరువైన దరువు. "ఇన్నేళ్లు విన్నాను, ఒక్కసారి కూడా వినబడలేదు. తొడుగు సరిగ్గా కూర్చోకపోతే ఇది పోతుందా?"

"అదే ముందు పోతుంది" అంది ఫర్జానా.

"అంటే ఇన్నాళ్లూ నాకు సగం పాట అమ్మారన్నమాట!" అంది సులభ. డబ్బిచ్చి, బండి ఎక్కగానే అదే పాట మళ్లీ మొదటినుంచి పెట్టుకుంది.

దీపేన్ కొట్టు ఇంకా నడుస్తోంది. పెట్టెలు ఇప్పుడు కొనేవాళ్ల ముందే తెరుస్తున్నాడు. సులభ ఆ వైపు నడవదు. మొదటి పెట్టె మీదున్న చిరునామాకు మాత్రం మరాఠీలో ఉత్తరం రాసింది. కొట్లో పెట్టుకుని చూడడానికి ఒక జత ఎందుకు ఉంచరు, మధ్య సైజే తొడిగి ఎందుకు పంపుతారు, అది ఎవరి చెవి కొలత అని. జవాబు రాలేదు. రెండోదీ రాసింది. మొన్న బండిలో మూడోది రాస్తూ, "గౌరవనీయులైన అని రాయాలా తాయీ? నాకు రాయబుద్ధి కావడం లేదు" అంది. వద్దులే అన్నాను.