రాతిగోడ దగ్గర నా బోర్డు

ఇది అప్పుడే రాసి ఉండవలసింది. అప్పటికి నాకు కూడబలుక్కొని నాలుగు మాటలు రాయడమే వచ్చు. చిన్నప్పుడు నాయన అన్నను బడికి, నన్ను మేకల వెంట పంపాడు. యాభై దాటాక ఊళ్లో పెద్దలకు బడి పెడితే అక్షరాలు దిద్దాను.

పెనుకొండ కొండలో నేను తిరగని సందు లేదు. అందుకే హిందూపురం నుంచి బస్సులో వచ్చే మేడమ్ నన్ను తోడు తీసుకుంది. కుట్టని చిన్న నల్ల తేనెటీగల మీద ఆమె పరిశోధన. అవి రాళ్ల సందుల్లో గూడు పెట్టి, వాకిలిగా చిటికెన వేలంత మైనపు గొట్టం కడతాయి. రెండు నెలలు వెతికాం. దొరికిన గూళ్లన్నీ తేనె కోసం ఎవరో గడ్డపారతో తవ్విపోసినవే. చివరికి ఒక పాత రాతిగోడలో ఒకటి బతికి కనిపించింది. గోడ కదపకుండా ఆ గొట్టానికి కుండ ఆనిస్తే, ఈగలు అందులో రెండో గూడు కడతాయట. కుండ తెచ్చేదాకా కాపాడమని, ఎవరికీ చెప్పొద్దని చెప్పి మేడమ్ వెళ్లింది.

నేను ఎవరికీ చెప్పలేదు. కానీ ఒకరోజు ఎవరో గొట్టంలో పుల్ల గుచ్చి పోయారు. నాకు మనసు ఆగలేదు. రేకు ముక్క మీద రంగుతో రాశాను: ‘ఇక్కడ తేనెటీగలు ఉన్నాయి. ముట్టుకోవద్దు.’ దారికి కనిపించేలా కట్టి, ఎదురుగా నిలబడి నాలుగుసార్లు చదువుకున్నాను.

మేడమ్ వచ్చే ముందురోజు సాయంత్రం అన్న గ్లాసు పట్టుకొని వచ్చాడు. అడుగున కాస్త తేనె.

“తాగుమే, నీ దగ్గుకు మంచిది.”

“యాడిది?”

“యాడిదంటావేమి? ఇన్నేండ్లు ఆ దావనే పోతాండా, ఆడ తేనె ఉండాదని నాకేం తెల్సు? నీ బోర్డు చూసినాంకనే తెలిసింది. ఒక్క తప్పు లేకుండా రాసినావులే.”

“గూట్లో ఈగల గుడ్లు?”

“ఆడనే పారేసినా. చీమలకు పండగ.”

నేను గ్లాసు ముట్టలేదు. “నాలుగక్షరాలొస్తే ఇంత పొగరా నీకు?” అని అన్న తనే తాగి, మూతి తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కొండకు పోయాను. గొట్టం ఉండిన చోట కొన్ని ఈగలు ఇంకా గాల్లో తిరుగుతున్నాయి. వాటికి వాకిలి దొరకడం లేదు. కింద గుడ్ల మీద చీమలు. బోర్డు విప్పుకొని బస్టాండుకు నడిచాను. మేడమ్ కొత్త కుండను చంకలో పెట్టుకొని దిగింది. బోర్డు ఆమె చేతికిచ్చి, రాసింది నేను, తవ్వింది మా అన్న అని చెప్పాను.