అండమాన్ ఫారంలో నాన్న నంబరు

గ్రూప్స్ పరీక్ష రాశాక అండమాన్ వెళ్దామని అశోక్‌నగర్ హాస్టల్లో ముగ్గురం అనుకున్నాం. ఇంట్లో చెప్పలేదు. ఈ రోజు చిక్కడపల్లిలో ట్రావెల్స్ ఫారం నింపుతూ, అలవాటుగా నాన్న నంబరు రాశాను. సరిచూడటానికి అక్కడి అన్న వెంటనే ఫోన్ కలిపి, "మీ బిడ్డ అండమాన్ పోతుంది" అనేసి నా చేతికిచ్చాడు. గోడమీది పచ్చని దీవి బొమ్మ వైపు చూస్తూ నిలబడిపోయాను.

"పరీక్ష ఇడిసిపెట్టి పోతున్నవా?"

"లేదు నాన్నా, రాసినంకనే."

"సుట్టూ ఉప్పునీళ్లే గదా బిడ్డా. ఆడ ఉండెటోళ్లకు తాగే నీళ్లు యాడికెళ్లి వస్తయి?"

ఏడాదిగా జాగ్రఫీ చదువుతున్నాను. జవాబు తెలియలేదు.

"సరే, సూసొచ్చి చెప్పు" అని పెట్టేశాడు.

మీలో తెలిసినవాళ్లుంటారు. దయచేసి కామెంట్లలో చెప్పొద్దు. నేనే చూసొచ్చి చెప్పాలి.